జతకాని కార్డులకు చెరో పని

కొత్త గ్రాఫిక్స్ కార్డు కొన్నవాళ్లలో చాలామంది పాతదాన్ని వెంటనే అమ్మరు. అట్టపెట్టెలో సర్ది బీరువా మీదికి ఎక్కిస్తారు. కొన్నాళ్లకు దుమ్ము దులపడానికి క్యాబినెట్ మూత తీస్తే, మదర్‌బోర్డు మీద కొత్త కార్డు కింద ఇంకో పొడవాటి స్లాట్ ఖాళీగా కనిపిస్తుంది. పాత జీటీఎక్స్ 1060ని అందులో బిగిస్తే కొత్త ఆర్‌టీఎక్స్ 4060కి తోడవుతుందా, 8 జీబీకి 6 జీబీ కలిసి మెమరీ 14 జీబీ అవుతుందా, ఆటల్లో ఫ్రేములు పెరుగుతాయా అన్న ఆలోచన అక్కడే మొదలవుతుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అడిగినా, ఇంజినీరింగ్ హాస్టల్ గదిలో అడిగినా దీనికి అవునన్న జవాబూ దొరుకుతుంది, కాదన్న జవాబూ దొరుకుతుంది. రెండూ సరైనవే. ఒకరు ఆట గురించి చెబుతారు, ఇంకొకరు రెండరింగ్ గురించి చెబుతారు.

అందుకే ఈ అధ్యాయంలో కార్డుల ధరల కంటే పని గురించే ఎక్కువ మాట్లాడుకోవాలి. ఒకే ఫ్రేమును రెండూ కలిసి గీయాలని అడిగితే బలం తేడా ఉన్న రెండు కార్డులు ఒకదాన్నొకటి వెనక్కి లాగుతాయి. పనిని విడగొట్టి దేని వాటా దానికి ఇస్తే పాత కార్డు కూడా అన్నం పెడుతుంది. గ్యాస్ స్టవ్ మీద పెద్ద బర్నర్, చిన్న బర్నర్ ఉన్నట్టే ఇదీ. ఒకే గిన్నెను రెండింటి మీదా అడ్డంగా పెట్టరు. పెద్దదాని మీద అన్నం ఉడుకుతుంటే చిన్నదాని మీద పాలు కాస్తారు.

రెండు కార్డులు పెడితే రెట్టింపు వేగం అన్న నమ్మకం ఊరికే పుట్టలేదు. 1998లో త్రీడీఎఫ్ఎక్స్ కంపెనీ వూడూ 2 కార్డులను తెచ్చినప్పుడు రెండింటిని చిన్న రిబ్బన్ కేబుల్‌తో కలిపే ఎస్‌ఎల్‌ఐ అనే ఏర్పాటు చేసింది. తెర మీది గీతల్లో సరి గీతలు ఒక కార్డు, బేసి గీతలు ఇంకో కార్డు గీసేవి. ఒక్క కార్డుతో 800×600 దగ్గర ఆగిపోయే ఆట రెండు కార్డులతో 1024×768కి చేరేది. ఆ రోజుల్లో అది కళ్లకు కనిపించే తేడా. 2000 చివర్లో త్రీడీఎఫ్ఎక్స్ ఆస్తులను ఎన్విడియా కొనేసింది. 2004లో ఎస్‌ఎల్‌ఐ అనే అవే మూడు అక్షరాలతో సొంత పద్ధతిని తెచ్చింది. మరుసటి ఏడాదే ఏటీఐ క్రాస్‌ఫైర్‌తో పోటీకి దిగింది.

ఈ కొత్త పద్ధతిలో ఎక్కువగా జరిగింది ఫ్రేముల పంపకం. మొదటి ఫ్రేము ఒక కార్డు, రెండోది ఇంకో కార్డు, మళ్లీ మూడోది మొదటి కార్డు. కార్డులు ఒకే రకమైనవైతే లెక్క కుదురుతుంది. ఒకటి 10 మిల్లీ సెకన్లలో, ఇంకోటి 20 మిల్లీ సెకన్లలో ఫ్రేము ముగించేవైతే వేగమైనది ప్రతిసారీ ఆగి చూడాలి. ఆగకపోతే ఫ్రేములు ఒకటి తొందరగా, ఒకటి ఆలస్యంగా వచ్చి, తెర మీద లెక్కకు 60 ఫ్రేములు చూపిస్తున్నా కంటికి కుదుపు తెలుస్తుంది. అందుకే ఎస్‌ఎల్‌ఐకి ఒకే మోడల్ చిప్పు ఉన్న కార్డులే కావాలని ఎన్విడియా షరతు పెట్టింది. క్రాస్‌ఫైర్ కొంత సడలించి, ఒకే కుటుంబంలోని వేర్వేరు మోడళ్లను ఒప్పుకుంది. ఆ తర్వాత ఆటల తయారీ పద్ధతే మారిపోయింది. అంచులు నునుపు చేయడానికి ముందు ఫ్రేములోని సమాచారాన్ని తర్వాతి ఫ్రేము వాడుకోవడం మామూలైంది. ముందు ఫ్రేము పక్క కార్డులో ఉంటే దాన్ని తెచ్చుకునేసరికి లాభమంతా కరిగిపోతుంది. 2021 జనవరి నుంచి ఎన్విడియా కొత్త ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైళ్లు చేర్చడం ఆపేసింది. జీఫోర్స్ వరుసలో కార్డులను కలిపే ఆ కనెక్టర్ ఉన్న చివరి తరం 3090లది. 40 సిరీస్‌లో అది లేనే లేదు.

వేర్వేరు కంపెనీల కార్డులను కలపాలన్న ప్రయత్నాలూ జరిగాయి. లూసిడ్ అనే సంస్థ హైడ్రా పేరుతో ఒక చిప్పు చేసింది. 2010 మొదట్లో ఎంఎస్‌ఐ బిగ్ బ్యాంగ్ ఫ్యూజన్ అనే మదర్‌బోర్డులో అది వచ్చింది. ఏటీఐ కార్డును, ఎన్విడియా కార్డును పక్కపక్కన పెట్టి ఒకే ఆటను నడిపించాలన్నది దాని ధ్యేయం. కొన్ని ఆటల్లో నడిచింది, చాలావాటిలో మొరాయించింది, మార్కెట్లో నిలవలేదు. 2015లో డైరెక్ట్ ఎక్స్ 12 వచ్చాక ఆ పనిని ఆట రాసేవాళ్ల చేతికే ఇచ్చారు. ఆక్సైడ్ గేమ్స్ వాళ్ల యాషెస్ ఆఫ్ ది సింగ్యులారిటీలో జీటీఎక్స్ 980 టీఐ, రేడియన్ ఫ్యూరీ ఎక్స్ కలిసి పనిచేసి చూపించాయి. ఏ కార్డును ముందు పెట్టారన్నదాన్ని బట్టి ఫలితం మారింది కూడా. చూడముచ్చటైన ప్రయోగమే, కానీ ఆ దారిలో నడిచిన ఆటలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ప్రతి ఆటకూ ఆ శ్రమ పడేందుకు తయారీదారులకు కారణం కనిపించలేదు.

కాబట్టి ఆటల వేగమే కావాల్సినవాళ్లకు సూటిగా చెప్పవలసింది ఇదే: పాత కార్డును అమ్మి, ఆ డబ్బు కలిపి కాస్త పెద్ద కార్డు కొనుక్కోవడం మేలు. అసలు కథ మిగతావాళ్లది.

మిగతావాళ్లు ముందుగా చేయవలసిన పని స్క్రూడ్రైవర్ తీయడం కాదు. ఒక వారం పాటు తమ కంప్యూటర్ ఎక్కడ తమను కూర్చోబెడుతోందో కాగితం మీద రాసుకోవాలి. విండోస్ టాస్క్ మేనేజర్‌లో పర్ఫామెన్స్ పేజీ తెరిస్తే జీపీయూ దగ్గర డెడికేటెడ్ మెమరీ, షేర్డ్ మెమరీ అని రెండు గీతలు కనిపిస్తాయి. మొదటిది నిండిపోయి రెండోది పెరుగుతుంటే కార్డులో చోటు చాలడం లేదని అర్థం. మెమరీ సగం ఖాళీగా ఉండి కార్డు మాత్రం గంటల తరబడి 100 శాతం పనిచేస్తుంటే కొరత వేగానిది. రెండింటికీ మందు వేరు. ఈ తేడా తెలియకుండా రెండో కార్డు బిగించినవాళ్లే తర్వాత నిరాశపడతారు.

వేగం కొరత ఉన్నవాళ్లకు త్రీడీ పనికి వాడే బ్లెండర్ సాఫ్ట్‌వేర్ మంచి ఉదాహరణ. బ్లెండర్‌లోని సైకిల్స్ రెండర్ ఇంజిన్ ఒకే మిషన్‌లోని రెండు వేర్వేరు కార్డులను హాయిగా వాడుకుంటుంది. ప్రిఫరెన్సెస్‌లో రెండింటి పక్కనా టిక్కు పెడితే చాలు. ఒక కార్డు ఒక ఫ్రేమును 60 సెకన్లలో, ఇంకోటి 120 సెకన్లలో రెండర్ చేసేవైతే, రెండూ కలిసి ఆదర్శంగా 40 సెకన్లలో ముగిస్తాయి. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 10 సెకన్ల యానిమేషన్ అంటే 240 ఫ్రేములు. పెద్ద కార్డు ఒక్కటే చేస్తే 4 గంటలు, రెండూ చేస్తే 2 గంటల 40 నిమిషాలు. పెళ్లి వీడియోకు టైటిల్ చేసి రేపు ఉదయం ఇవ్వాల్సినవాళ్లకు ఆ గంటా ఇరవై నిమిషాలు నిద్ర.

అయితే ఇక్కడ మెమరీ కలవదు. సీను మొత్తం ఏ కార్డుకు ఆ కార్డులో విడిగా పట్టాలి. 12 జీబీ కార్డులో సుఖంగా ఇమిడిన సీను 6 జీబీ కార్డులో పట్టకపోతే ఆ చిన్న కార్డు నత్తనడక నడుస్తుంది, లేదా రెండరే ఆగిపోతుంది. అలాంటప్పుడు దాన్ని ఆ సీనుకు తప్పించి, మానిటర్‌ను దానికి తగిలించి, వ్యూపోర్ట్ పనికీ బ్రౌజర్‌కూ వదిలేయడం తెలివైన పంపకం. ఇంకో సంగతి, సైకిల్స్‌లో కుడా, ఆప్టిక్స్, హిప్ లాంటి పద్ధతుల్లో ఒకసారి ఒకదాన్నే ఎంచుకోవాలి. ఎన్విడియా కార్డు, ఏఎండీ కార్డు ఒకే రెండర్‌లో కలిసి కూర్చోవు.

మెమరీ కొరత ఉన్నవాళ్ల దగ్గరికి వస్తే, జతకాని కార్డులకు ఈ మధ్య వచ్చినంత మంచి రోజులు ఎప్పుడూ రాలేదు. ఇంట్లోనే భాషా మోడళ్లు నడుపుకునేవాళ్ల వల్ల వచ్చిన మార్పు ఇది. 2023 మార్చిలో గెయోర్గి గెర్గానోవ్ మొదలుపెట్టిన లామా డాట్ సీపీపీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మోడల్‌ను పొరలు పొరలుగా విడదీసి, కొన్ని పొరలు ఒక కార్డులో, మిగతావి ఇంకో కార్డులో పెడుతుంది. కార్డుల మధ్య దాటాల్సిన సమాచారం చాలా కొద్దిగా ఉంటుంది. అందుకే సన్నటి స్లాటులో ఉన్న పాత కార్డు కూడా పనికొస్తుంది. ఇక్కడ మాత్రం 16కి 12 కలిస్తే నిజంగానే 28 జీబీ లెక్క.

ఒక లెక్క వేసి చూద్దాం. 32 బిలియన్ పారామీటర్ల మోడల్‌ను 4 బిట్లకు కుదిస్తే ఫైలు సుమారు 20 జీబీ అవుతుంది. ఆర్‌టీఎక్స్ 4060 టీఐ 16 జీబీ కార్డులో అది పట్టదు. 15 జీబీ కార్డులో పెట్టి 5 జీబీ మామూలు ర్యామ్‌కు వదిలారనుకుందాం. ప్రతి పదం ముక్క తయారు కావడానికి మోడల్ మొత్తాన్ని ఒకసారి చదవాలి. ఆ కార్డు మెమరీ వేగం సెకనుకు 288 జీబీ, డీడీఆర్4 3200 ర్యామ్ రెండు చానళ్లలో 51 జీబీ. కార్డులో భాగానికి 52 మిల్లీ సెకన్లు, ర్యామ్‌లో భాగానికి 98 మిల్లీ సెకన్లు, వెరసి 150. అంటే సెకనుకు 6 లేదా 7 ముక్కలు. ఇప్పుడు బీరువా మీది ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీని దించి బిగిస్తే, 12 జీబీ కొత్తదానిలో, 8 జీబీ పాతదానిలో. 42 మిల్లీ సెకన్లు, 22 మిల్లీ సెకన్లు, మొత్తం 64. సెకనుకు 15 ముక్కలు. కాగితం మీది గరిష్ఠాలే ఇవి, చేతిలో కొంత తగ్గుతుంది. అయినా రెట్టింపుకు మించిన తేడా.

ఈ లెక్కలో గమనించదగ్గ విషయం ఇంకోటుంది. 2021లో వచ్చిన 3060 మెమరీ వేగం సెకనుకు 360 జీబీ. రెండేళ్ల తర్వాత వచ్చిన 4060 టీఐ కంటే ఎక్కువ. ఆటలో వెనకబడే కార్డు ఈ పనిలో ముందుంటుంది. ఏది పెద్దది, ఏది చిన్నది అన్న మాట పనిని బట్టి తిరగబడుతుందని దీన్ని చూసిన తర్వాతైనా ఒప్పుకోవాలి.

తెలుగులో పనిచేసేవాళ్లకు ఈ అదనపు మెమరీ విలువ మరింత ఎక్కువ. చాలా మోడళ్లు తెలుగు మాటను ఇంగ్లిష్ మాట కంటే ఎక్కువ ముక్కలుగా విరుస్తాయి. ఒకే సంగతి చెప్పే రెండు పేజీల్లో తెలుగు పేజీకి ముక్కలు ఎక్కువ, వాటిని గుర్తుంచుకోవడానికి కార్డులో పట్టే చోటూ ఎక్కువ. మోడల్ ఫైలు సరిపోయింది కదా అని ఆగకుండా, ఈ సంభాషణ మెమరీకి రెండు మూడు జీబీలైనా ఖాళీ ఉంచుకోవాలి. లామా డాట్ సీపీపీలోని టెన్సర్ స్ప్లిట్ అనే ఆప్షన్‌లో కార్డుల నిష్పత్తి ఇవ్వవచ్చు. మానిటర్ తగిలించిన కార్డు వాటా కాస్త తగ్గించి ఇవ్వడం మంచిది, డెస్క్‌టాప్ కూడా అక్కడే చోటు తింటుంది. వల్కన్ పద్ధతిని ఎంచుకుంటే ఎన్విడియా, ఏఎండీ కార్డులు సైతం ఒకే మోడల్‌ను పంచుకుంటాయి. వీఎల్‌ఎల్‌ఎమ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో టెన్సర్ ప్యారలల్ ఎంచుకుంటే మాత్రం సమాన వాటాలే వేస్తుంది. అక్కడ 16, 12 కార్డులు రెండు 12ల కిందే లెక్క.

ఆటలు ఆడేవాళ్లకు మిగిలిన దారి ఫ్రేము జనరేషన్. స్టీమ్‌లో దొరికే లాస్‌లెస్ స్కేలింగ్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో పెద్ద కార్డు ఆటను నడుపుతుంటే చిన్న కార్డు మధ్యలో ఫ్రేములు పుట్టిస్తుంది. మానిటర్ కేబుల్ చిన్న కార్డుకే తగిలించాలి. ఇక్కడ స్లాటు వెడల్పు అడ్డం వస్తుంది. 4కే ఫ్రేము ఒక్కోటి సుమారు 33 ఎంబీ, సెకనుకు 60 ఫ్రేములంటే 2 జీబీ, 120 అంటే 4 జీబీ దాటాలి. మూడో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ నాలుగు లేన్ల స్లాటు మోయగలిగిందే సుమారు 4 జీబీ. 1080పీ తెరకైతే ఈ బెంగ లేదు. అసలు ఆటే 30 ఫ్రేముల దగ్గర ఈదులాడుతుంటే పుట్టించిన ఫ్రేములు నునుపు చూపిస్తాయి కానీ మౌస్ స్పందనలోని ఆలస్యం తగ్గదు.

ఫిజ్ఎక్స్ సంగతీ ఇలాంటిదే. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ 32 బిట్ కుడాను వదిలేయడంతో బోర్డర్‌లాండ్స్ 2, బ్యాట్‌మ్యాన్ ఆర్ఖమ్ సిటీ లాంటి పాత ఆటల్లో ఫిజ్ఎక్స్ చేసే పొగ, బట్టల కదలికల లెక్కంతా ప్రాసెసర్ మీద పడింది. కొందరు ఆ ఒక్క పనికి పాత కార్డు పెట్టుకున్నారు. ఆ ఏడాది డిసెంబరులో కొన్ని ఆటలకు ఎన్విడియా మద్దతు తిరిగి ఇచ్చింది కనుక ఇప్పుడు దానికోసమే కార్డు కొనాల్సిన అవసరం తగ్గింది. ఇక లినక్స్‌లో ఉంటూ లోపల వర్చువల్ మిషన్‌లో విండోస్ నడిపేవాళ్లకు కార్డులు వేర్వేరుగా ఉండటమే సౌకర్యం. రెండూ ఒకే మోడల్ అయితే గుర్తింపు సంఖ్యలూ ఒకటే కావడంతో ఏది ఎవరికన్నది విడదీయడానికి అదనపు తిప్పలు పడాలి.

పని ఖాయమయ్యాక మూత తీయవచ్చు. మొదట చూడవలసింది మదర్‌బోర్డు మాన్యువల్. బీ450, బీ660, బీ760 తరగతి బోర్డుల్లో కింది స్లాటు పొడవుకు పెద్దదే అయినా చాలావాటిలో లోపల నాలుగు లేన్లే ఉంటాయి, అవీ చిప్‌సెట్ నుంచి వస్తాయి. కొన్ని బోర్డుల్లో ఎం2 ఎస్‌ఎస్‌డీ పెడితే ఆ స్లాటు పనిచేయదు. రెండో కార్డు కనిపించడం లేదని షాపుకు మోసుకెళ్లే ముందు ఆ పేజీ చదవాలి. కొన్ని మిషన్లలో బయోస్‌లో అబౌవ్ 4జీ డీకోడింగ్ ఆన్ చేయాల్సి రావచ్చు.

తర్వాత ఎస్‌ఎంపీఎస్. ఈ ఒక్క విషయంలో సర్దుకుపోవడం పనికిరాదు. 3090 కార్డు 350 వాట్లు, 3060 కార్డు 170, ప్రాసెసర్ 150, మిగతావన్నీ 60, మొత్తం 730 వాట్లు. పెద్ద కార్డులు క్షణకాలం పాటు ఇంకా ఎక్కువ లాగుతాయి కాబట్టి 1000 వాట్ల సరుకు ఉండాలి. స్లాటు నుంచి 75 వాట్లు, ఆరు పిన్నుల తీగ నుంచి 75, ఎనిమిది పిన్నుల తీగ నుంచి 150 అన్నది ప్రామాణిక లెక్క. హార్డ్ డిస్కుకు వాడే సాటా తీగ 12 వోల్టుల మీద 54 వాట్లకు మించి మోయలేదు. దాన్ని ఎనిమిది పిన్నులుగా మార్చే కన్వర్టర్ వాడి కార్డుకు తగిలించడం నిప్పుతో చెలగాటం. ఒక కంపెనీ ఎస్‌ఎంపీఎస్ తీగలు ఇంకో కంపెనీ దానికి బిగించకూడదు. కార్డు వైపు ఒకేలా ఉన్నా, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల అమరిక ఒక్కొక్కరిది ఒక్కో రకం. ఒక్కసారి తగిలిస్తే బోర్డుతో సహా పోవచ్చు. ఇళ్లలో వాడే 600 వీఏ యూపీఎస్ మోసేది సుమారు 360 వాట్లే. రెండు కార్డుల మిషన్ రెండరింగ్‌లో ఉండగా కరెంటు పోతే అది బీప్ కొట్టి చేతులెత్తేస్తుంది.

వేడి గురించి తెలుగు నేల మీద వేరే చెప్పాలా! మే నెలలో 45 డిగ్రీలు తాకే రామగుండంలోనో విజయవాడలోనో, ఏసీ లేని గదిలో క్యాబినెట్ లోపలికి పోయే గాలే వేడిగాలి. పై కార్డు ఫ్యాన్లకు, కింది కార్డు వీపుకు మధ్య రెండు వేళ్ల సందు లేకపోతే పై కార్డు ఊపిరాడక వేగం తగ్గించుకుంటుంది. కార్డులను దూరంగా ఉంచే స్లాట్లున్న బోర్డు, ముందు వైపు జాలీ ఉన్న క్యాబినెట్ ఉంటే సగం బాధ తీరుతుంది. మిగతా సగానికి పవర్ లిమిట్. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో 350 వాట్ల కార్డును 280కి తగ్గిస్తే వేగం అదే నిష్పత్తిలో పడిపోదు, వేడి మాత్రం బాగా తగ్గుతుంది. వేసవి నాలుగు నెలలూ అలా వాడటం కార్డుకూ మనిషికీ మంచిదే.

డ్రైవర్ల విషయానికొస్తే, విండోస్ విస్టాలో ఒకేసారి ఒకే డిస్‌ప్లే డ్రైవర్‌కు చోటుండేది. విండోస్ 7తో ఆ అడ్డు తొలగింది. ఈ రోజు ఎన్విడియా, ఏఎండీ డ్రైవర్లు పక్కపక్కన ఉండవచ్చు. చిక్కంతా ఒకే కంపెనీ కార్డుల మధ్య తరాల దూరం ఎక్కువైనప్పుడు వస్తుంది. రెండింటికీ ఒకే డ్రైవర్ కావాలి. జీటీఎక్స్ 900, 1000 సిరీస్‌లకు పూర్తి మద్దతు ఉన్న చివరి డ్రైవర్ వరుస 580. కుడా 13 కూడా వాటిని వదిలేసింది. కొత్త కార్డు కోసం 590 వరుస వేసుకున్న రోజున పాత 1060 మూలన పడుతుంది. అందుకే సెకండ్ హ్యాండ్‌లో రెండో కార్డు కొనేవాళ్లు ఇప్పుడు ఆర్‌టీఎక్స్ తరం కంటే కిందికి దిగకపోవడం మంచిది.

బిగించాక ఎవరికి ఏ పని అన్నది కంప్యూటర్‌కు చెప్పాలి. విండోస్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే కింద గ్రాఫిక్స్ పేజీలో ఒక్కో ప్రోగ్రామ్‌కు ఒక్కో కార్డు కేటాయించవచ్చు. కుడా ప్రోగ్రాములు రాసేవాళ్లను ఒక చిన్న విషయం గంటల కొద్దీ తిప్పుతుంది. ఎన్విడియా ఎస్‌ఎంఐ కమాండ్ కార్డులకు స్లాట్ల వరుసలో నంబర్లు వేస్తుంది, కుడా మాత్రం వేగమైన కార్డుకు ముందుగా సున్నా ఇస్తుంది. ఒకచోట 0 అన్నది ఇంకోచోట 1 కావచ్చు. కుడా డివైస్ ఆర్డర్ అనే వేరియబుల్‌ను పీసీఐ బస్ ఐడీకి మారిస్తే రెండు చోట్లా ఒకే వరుస వస్తుంది.

ఇదంతా అయ్యాక ఒక నెల వాడి చూడాలి. పని లేకుండా కూర్చున్న కార్డు కూడా 10, 15 వాట్లు తింటుంది. మిషన్ రాత్రింబవళ్లు ఆన్‌లో ఉంటే నెలకు 11 యూనిట్ల దాకా బిల్లులో చేరుతుంది. నెలలో రెండో కార్డు రెండు మూడుసార్లకు మించి పనిచేయలేదని తేలితే దాన్ని తీసేయడమే సరి. తీసినదాన్ని మళ్లీ బీరువా మీదికి ఎక్కించకుండా, డ్రైవర్ మద్దతు ఉన్నప్పుడే, కొనేవాళ్ల కళ్లముందు అరగంట లోడు పెట్టి ఉష్ణోగ్రత చూపించి అమ్మాలి.